కడుపుకూ ఒక కాల్షీట్ ఉంది

ఫిల్మ్‌నగర్‌లో భోజనం వేళను ఆకలి నిర్ణయించదు, అసిస్టెంట్ డైరెక్టరు నిర్ణయిస్తాడు. షాట్ ఓకే అయితేనే బ్రేక్. లైటింగ్ కుదరకపోయినా, హీరో క్యారవాన్ దిగడం ఆలస్యమైనా ఒంటిగంటకు తినాల్సిన అన్నం మూడింటికి తింటారు. పొద్దున ప్రొడక్షన్ వాళ్లు పెట్టిన ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. మధ్యమధ్యలో టీ కప్పులు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. రాత్రి షూటింగైతే లెక్క మరీ తారుమారు. అర్ధరాత్రి దాటాక భోజనం, తెల్లవారుజామున పేకప్, కృష్ణానగర్ గదికి చేరి పొద్దెక్కేదాకా నిద్ర. జూబ్లీహిల్స్ బంగళాలో ఉండే హీరోకూ, యూసుఫ్‌గూడ సందులో అద్దెకుండే లైట్‌మన్‌కూ సంపాదనలో ఎంత తేడా ఉన్నా, పళ్లెంలో ఎంత తేడా ఉన్నా, గడియారం మాత్రం ఒక్కటే.

ఏం తినాలన్న దాని మీద తెలుగునాట జరిగినంత రభస ఎప్పుడు తినాలన్న దాని మీద జరగలేదు. అన్నమా, కొర్రలా, కొబ్బరినూనా అని ఊళ్లకు ఊళ్లు వాదించుకున్నాయి. గడిచిన రెండువందల ఏళ్లలో జీర్ణవ్యవస్థ గురించి తెలిసినదంతా వరసగా చూసుకుంటూ వెళితే ఇంకో సంగతి కనిపిస్తుంది. నోటి నుంచి పెద్దపేగు చివరి దాకా ప్రతి అంగానికీ ఒక వేళ ఉంది, ఒక విరామం ఉంది, తన వంతు వచ్చేదాకా ఆగే గుణం ఉంది. మనిషి తినేదాన్ని ఈ వ్యవస్థ చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోలేనిది వేళ తప్పడాన్నే.

మొదటి సంగతేమిటంటే, అరుగుదల ముద్ద నోట్లో పడకముందే మొదలవుతుంది. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ పేరు వినగానే గంట, కుక్క గుర్తొస్తాయి గానీ, 1904లో ఆయనకు నోబెల్ వచ్చింది జీర్ణరసాల మీద చేసిన పనికి. తిండి కనిపించినా, వాసన తగిలినా, తలుచుకున్నా మెదడు నుంచి వేగస్ నాడి ద్వారా కబురు వెళ్లి జీర్ణాశయంలో ఆమ్లం ఊరడం మొదలవుతుంది. మొత్తం భోజనానికి ఊరే ఆమ్లంలో ఐదోవంతుకు తగ్గకుండా ఈ దశలోనే వస్తుంది. విందు సీను తీసే రోజున పులిహోర ఎదుట పెట్టుకుని టేకు మీద టేకు చెప్పే నటుడి కడుపులో జరిగేది ఇదే. తినకపోయినా లోపల ఏర్పాట్లన్నీ పూర్తవుతాయి. వచ్చేదేమీ ఉండదు.

నోట్లో రోజుకు లీటరు, లీటరున్నర లాలాజలం ఊరుతుంది. అందులోని అమైలేజ్ పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే పని అక్కడే ప్రారంభిస్తుంది. అన్నం బాగా నమిలితే తియ్యబడేది అందుకే. నిద్రలో ఈ ఊట దాదాపు ఆగిపోతుంది. మింగిన ముద్ద పాతిక సెంటీమీటర్ల అన్నవాహిక దాటడానికి పది సెకన్లు చాలు. కండరాలే అలలు అలలుగా ముడుచుకుంటూ తోస్తాయి కాబట్టి తలకిందులుగా వేలాడుతూ తిన్నా ముద్ద కడుపులోకే చేరుతుంది. రోప్ మీద వేలాడే ఫైటర్లకు పనికొచ్చే విషయమే గానీ, పరీక్షించి చూడాల్సినంత పనిలేదు.

జీర్ణాశయం లోపల ఏం జరుగుతుందో మనుషులు మొదటిసారి కళ్లారా చూసింది ఒక ప్రమాదం వల్ల. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి పేలి పొట్టకు గాయమైంది. ప్రాణం దక్కింది గానీ కడుపుకు పడ్డ కన్నం పూడలేదు. వైద్యం చేసిన సైనిక డాక్టరు విలియం బోమంట్ ఆ కన్నంలోంచి దారానికి కట్టిన మాంసం ముక్కల్ని లోపలికి దించి, కొంతసేపటికి బయటికి తీసి, ఎంత కరిగిందో రాసుకున్నాడు. 1833లో పుస్తకం వేశాడు. కోపం వచ్చినప్పుడు అరుగుదల మందగిస్తుందని కూడా ఆయన అప్పుడే గమనించాడు. సెయింట్ మార్టిన్‌కు కోపం రావడానికి కారణాలు తక్కువేం లేవు.

మాంసాన్ని అలా కరిగించే రసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని విలియం ప్రౌట్ 1824లో తేల్చాడు. మాంసకృత్తుల్ని తెగ్గొట్టే పెప్సిన్‌ను థియోడర్ ష్వాన్ 1836లో కనిపెట్టాడు. రోజుకు సుమారు రెండు లీటర్ల జఠరరసం ఊరుతుంది. దాని పీహెచ్ రెండు అటూ ఇటూ ఉంటుంది. ఇంత ఘాటు రసం సొంత గోడను తినేయకుండా జిగురుపొర కాపలా కాస్తుంది. ఆ గోడ కణాలు కూడా కొన్ని రోజులకోసారి పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు గుప్పెడంత ముడుచుకునే ఈ సంచి భోజనానికి లీటరు, లీటరున్నర దాకా సాగుతుంది. మామూలు భోజనాన్ని చిలికి, జావ చేసి, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదలడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. నెయ్యి, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యం. పెళ్లిళ్లలో బిర్యానీ తిన్నాక సాయంత్రం దాకా ఆకలి వేయకపోవడంలో వింతేం లేదు.

కడుపు నిండిందన్న కబురు మెదడుకు పూర్తిగా అందేసరికి ఇరవై నిమిషాలు గడుస్తాయి. తెలుగువాళ్ల మర్యాద అంతా ఆ ఇరవై నిమిషాల్లోనే నడుస్తుంది. వద్దంటున్నా కొసరి కొసరి వడ్డించేది అప్పుడే. ప్రభాస్‌తో నటించడానికి వచ్చిన హీరోయిన్లు ఆయన ఇంటి నుంచి వచ్చిన వంటకాల ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం ఇప్పుడొక ఆనవాయితీ. బల్ల నిండా గిన్నెలుంటాయి. ఆ పశ్చిమగోదావరి ఆప్యాయతకు ఎదురు చెప్పగల హార్మోను మనిషి ఒంట్లో ఇంకా కనబడలేదు.

ఇక ఖాళీ కడుపు సంగతి. తిన్నది చిన్నపేగులోకి వెళ్లిపోయాక జీర్ణాశయం పని మానేస్తుందనుకుంటారు. మానదు. ఒకటిన్నర, రెండు గంటలకోసారి అక్కడి నుంచి బలమైన అలలు బయల్దేరి చిన్నపేగు చివరి దాకా సాగుతాయి. అరగకుండా మిగిలిన నలుసుల్నీ, చేరకూడని చోట చేరిన బాక్టీరియానూ పెద్దపేగు వైపు ఊడ్చుకుపోతాయి. కడుపులో గుడగుడ వినిపించేది ఎక్కువగా అప్పుడే. ఈ ఊడ్పుకు ఒకటే షరతు: కడుపు ఖాళీగా ఉండాలి. పాలు, చక్కెర పోసిన టీ ఒక్క కప్పు పడినా అల ఆగిపోయి భోజనం నాటి చలనం మొదలవుతుంది. టీ ఆగని చోట పొద్దున్నుంచి రాత్రి దాకా ఊడ్పు జరగనే జరగదు. లంఖణం పరమౌషధం అన్న పెద్దవాళ్లకు ఈ అలల సంగతి తెలియదు. రోజులకు రోజులు పస్తుండమని ఈ అలలూ కోరవు. భోజనానికీ భోజనానికీ మధ్య నాలుగైదు గంటలు వదిలితే చాలు.

గ్యాస్ ట్రబుల్ అని తెలుగువాళ్లు దేన్నైనా అంటారు. గుండెల్లో మంట, పొట్ట ఉబ్బరం, తేన్పు, వీపు నొప్పి, ఆఖరికి గుండెపోటు కూడా ఆ ఖాతాలోకే వెళుతుంది. చివరిదాన్ని అలా అనుకుని పొరబడితే ప్రాణానికే ముప్పు. మంట విషయంలో మాత్రం యంత్రాంగం స్పష్టంగా తెలుసు. అన్నవాహిక అడుగున బిగుతుగా ఉండాల్సిన కండరం సడలితే ఆమ్లం పైకి తంతుంది. కడుపు నిండుగా తిని వెంటనే పడుకోవడం, సిగరెట్లు కాల్చడం రెండూ దానికి దారులే. పైగా ఏమీ తినకపోయినా ఊరే ఆమ్లం రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య ఎక్కువ. రాత్రి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగమూ తగ్గుతుంది. అర్ధరాత్రి ఒంటిగంటకు కోడికూరతో తిని, మూడింటికి మంచమెక్కే మనిషి ఈ మూడింటినీ ఒక్కచోట కలుపుకుంటాడు.

దానికి విరుగుడుగా వచ్చిన మందుల్లో పేరుమోసింది ఒమెప్రజోల్. 1980ల చివర స్వీడన్‌లో మార్కెట్లోకి వచ్చింది. జూబ్లీహిల్స్ పక్కనే బంజారాహిల్స్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న డాక్టర్ రెడ్డీస్ ‘ఒమెజ్’ పేరుతో దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఇది ఊరిన ఆమ్లాన్ని చల్లార్చే మందు కాదు. ఆమ్లాన్ని పంపు చేసే ప్రోటీన్లను మూసేస్తుంది. ఆ పంపులు భోజనంతోనే మేలుకుంటాయి కాబట్టి మాత్రను తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. చాలామంది తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకుని, పనిచేయలేదని రెండోది వేసుకుంటారు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పగలగాలంటే భోజనం ఎప్పుడో తెలియాలి. షూటింగులో తెలియనిది అదే.

అల్సర్ విషయంలో మాత్రం వేళల్ని, కారాన్ని, కంగారును అనవసరంగా ఆడిపోసుకున్నారు. ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో అల్సర్ రోగుల జీర్ణాశయంలో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవుల్ని కలిపిన ద్రవాన్ని తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు యాంటీబయాటిక్స్‌తో తగ్గే అల్సర్లకు ఒకప్పుడు కడుపు కోసేవారు. నొప్పి మాత్రల్ని ఇష్టానుసారం మింగడం అల్సర్‌కు రెండో పెద్ద కారణం. ఫైట్లు, డ్యాన్సులు చేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది అది. కారం పుట్టించే మంట సంగతి వేరు. అది వేడిని పసిగట్టే నాడీగ్రాహకాన్ని తట్టడం వల్ల కలుగుతుంది. ఆ గ్రాహకాన్ని గుర్తించినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ దక్కింది. గుంటూరు మిరపకాయ పుండు చేయదు, ఉన్న పుండును గుర్తుచేస్తుంది.

అసలు వంట జరిగేది చిన్నపేగులో. పేరుకు చిన్నదే గానీ పొడవులో పెద్దపేగుకు ఎన్నో రెట్లు. పుల్లటి జావ ఆంత్రమూలంలోకి దిగగానే అక్కడి గోడ రక్తంలోకి సెక్రెటిన్‌ను వదులుతుంది. 1902లో బేలిస్, స్టార్లింగ్ కనిపెట్టిన ఈ పదార్థమే మనిషికి తెలిసిన మొట్టమొదటి హార్మోను. అది అందగానే క్లోమం క్షారరసాన్ని పంపి పులుపును విరుస్తుంది. కొవ్వు తగిలితే ఇంకో హార్మోను కొలిసిస్టోకైనిన్ బయల్దేరుతుంది. పిత్తాశయం ముడుచుకుని, కాలేయం తయారుచేసిన పైత్యరసాన్ని వదులుతుంది. ఆ రసం కొవ్వును సన్నటి బొట్లుగా విడగొడుతుంది, క్లోమం పంపిన లైపేజ్ ఆ బొట్లను కోస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి, పిలుపు వచ్చాకే రావాలి. ఎవరూ ముందు రారు.

తిన్నది, తాగింది, ఊరినది అన్నీ కలిపి రోజుకు ఎనిమిది, తొమ్మిది లీటర్ల ద్రవం చిన్నపేగులోకి చేరుతుంది. పెద్దపేగుకు మిగిలేది లీటరు, లీటరున్నర. ఇంత పీల్చుకోవడానికి గోడ మీద లక్షల కొద్దీ ఆంత్రచూషకాలు, ఒక్కో కణం మీద మళ్లీ వేల సూక్ష్మచూషకాలు ఉంటాయి. ఈ మడతలన్నీ పరిస్తే టెన్నిస్ కోర్టంత వస్తుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు సూక్ష్మదర్శినితో కొలిచి చూస్తే జీర్ణనాళం మొత్తం కలిపి ముప్పై చదరపు మీటర్ల పైచిలుకే తేలింది. కోర్టు కాదు, ఓ మోస్తరు ఫ్లాటులో రెండు గదులు. తగ్గినా తక్కువేం కాదు. ఆ గదుల నేల మూడు నుంచి ఐదు రోజులకోసారి పూర్తిగా కొత్తదవుతుంది.

ఆ చూషకాలు చదునైపోతే ఏమవుతుందో భీమవరం కుటుంబమొకటి అనుభవించింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు ట్రాపికల్ స్ప్రూ అనే పేగుజబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, మనిషి చిక్కి శల్యమవడం. సుబ్బారావుకూ ఆ జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ డిగ్రీతో సరిపెట్టుకుని, 1920లలో బోస్టన్ చేరాడు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. 1948లో అదే కంపెనీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతిలో అది మొదటి యాంటీబయాటిక్. ఇవాళ ట్రాపికల్ స్ప్రూకు డాక్టర్లు రాసే చికిత్స ఏమిటంటే ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. రెండింటి మూలాలూ ఆయన నడిపిన ప్రయోగశాలలోనే ఉన్నాయి. ఇంత కథ ఉన్న మనిషి మీద ఫిల్మ్‌నగర్ కన్ను గట్టిగా పడకపోవడం విడ్డూరం.

పాలు, పెరుగు మాటా ఇక్కడే చెప్పుకోవాలి. పాలలోని లాక్టోజ్‌ను కోసే ఎంజైము చిన్నపేగు గోడ మీదే ఉంటుంది, చిన్నతనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. 1981లో వెలువడ్డ ఒక అధ్యయనంలో ఢిల్లీలో పరీక్షించినవాళ్లలో నాలుగోవంతుకు కాస్త ఎక్కువ మందికి లాక్టోజ్ పడకపోతే, దక్షిణాదిలో మూడింట రెండువంతుల మందికి పడలేదు. పాలు తాగితే ఉబ్బరమనేవాళ్లు పెరుగన్నం హాయిగా తింటారు. తోడుపెట్టిన బాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తినేసి, మిగతాదాన్ని కోయడానికి తన ఎంజైమును వెంట తెస్తుంది. భోజనం చివర పెరుగు లేకపోతే తిన్నట్టుండదనే అలవాటులో లెక్కలేనంత అనుభవం దాగుంది. సెట్లో గంటకో కప్పు వచ్చే పాల టీకి ఆ వెసులుబాటు లేదు.

పెద్దపేగు పొడవు మీటరున్నర. నీటిని పీల్చుకోవడం దాని పనిగా బడిలో చెబుతారు గానీ, అక్కడి అసలు నివాసులు బాక్టీరియా. మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని, ఒంటి కణాల సంఖ్య కూడా దాదాపు అంతేనని 2016లో లెక్కతేలింది. అవి పదింతలని అప్పటిదాకా చెప్పుకున్నది తప్పుడు లెక్క. మనం అరిగించుకోలేని పీచును ఇవి పులియబెట్టి బ్యూటిరేట్ వంటి కొవ్వు ఆమ్లాల్ని చేస్తాయి, పెద్దపేగు కణాలకు అదే ముఖ్యాహారం. పులిస్తే గాలి పుడుతుంది. రోజుకు పది, ఇరవై సార్లు బయటికి పోవడం ఆరోగ్యవంతుల లెక్కే. మాత్రలతో మాన్పించుకోవాల్సిన రోగం కాదు.

ఇక్కడా వేళ ఉంది. నిద్రలో పెద్దపేగు దాదాపు ఊరుకుంటుంది. నిద్ర లేవగానే, తొలి ముద్ద పడగానే కదులుతుంది. ఆ పిలుపు వచ్చినప్పుడు వెళ్లకుండా పదేపదే ఆపుకుంటే పిలుపే బలహీనపడుతుంది, నీరు ఇంకిపోతుంది, మలబద్ధకం స్థిరపడుతుంది. మలయాళ చిత్రపరిశ్రమలో మహిళల పరిస్థితి మీద 2024 ఆగస్టులో బయటికొచ్చిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక, లొకేషన్లలో మరుగుదొడ్లు లేక ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానుకుంటున్నారని రాసింది. ఔట్‌డోర్‌లో క్యారవాన్ అందరికీ దొరకదు. జూనియర్ ఆర్టిస్టుకు పీచు తినమని, నీళ్లు తాగమని సలహా చెప్పడం తేలిక.

2023 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆస్పత్రి ప్రారంభానికి వెళ్లిన చిరంజీవి, తాను ముందుజాగ్రత్తగా కొలనోస్కోపీ చేయించుకున్నానని, అందులో క్యాన్సర్ కాని పాలిప్స్ కనబడితే తీసేశారని చెప్పారు. సాయంత్రానికల్లా చిరంజీవికి క్యాన్సర్ అని వార్తలు పాకాయి. తనకు క్యాన్సర్ వచ్చిందనలేదని, పరీక్ష చేయించుకోకపోతే అటు మారేదేమోనని మాత్రమే అన్నానని ఆయన వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ హడావిడిలో ఆయన చెప్పిన పనికొచ్చే మాట మరుగునపడింది. పెద్దపేగు గోడ మీద లేచే చిన్న కండ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. అన్నేళ్ల గడువిచ్చే క్యాన్సర్లు అరుదు. అమెరికాలో ఈ పరీక్ష మొదలుపెట్టాల్సిన వయసును 2021లో 50 నుంచి 45కు దించారు. మన జాతీయ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లున్నాయి, పెద్దపేగు లేదు. చిరంజీవి మాట్లాడటానికి దాదాపు పదేళ్ల ముందు, 2013 అక్టోబరులో, అక్కినేని నాగేశ్వరరావు తనకు ఉదర క్యాన్సర్ వచ్చిందని విలేకరులను పిలిచి తానే చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆఖరి చిత్రం ‘మనం’ మేలో విడుదలైంది. జబ్బును దాచడమే మర్యాద అనుకునే పరిశ్రమలో ఈ ఇద్దరూ కడుపు గురించి బహిరంగంగా మాట్లాడటం చిన్న విషయం కాదు.

లోపలికి చూసే ఈ విద్య కూడా కెమెరా విద్యే. 1868లో జర్మన్ డాక్టర్ కుస్‌మౌల్ కత్తులు మింగే ప్రదర్శకుణ్ని పిలిపించి, వంగని గొట్టాన్ని అతని గొంతులోంచి కడుపులోకి దించి చూశాడు. వంగే గొట్టం కావాలంటే కాంతి కూడా వంపు తిరగాలి. నరీందర్ సింగ్ కపానీ, హెరాల్డ్ హాప్‌కిన్స్ 1954లో గాజుపోగుల కట్టలోంచి బొమ్మను పంపి చూపారు. మూడేళ్లకు బేసిల్ హిర్షోవిట్జ్ ఆ పోగులతో చేసిన ఎండోస్కోపును ముందు తన గొంతులోకే దించుకున్నాడు. ఇప్పుడు మాత్రలో ఇమిడిన కెమెరా ఉంది. సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తే ఈ మాత్ర రెండు తీస్తుంది, ఎనిమిది గంటల్లో యాభై వేలకు పైగా బొమ్మలు. ఈ రంగంలో హైదరాబాద్‌ను ప్రపంచపటం మీద పెట్టినవాడు విశాఖలో పుట్టి, కర్నూలులో వైద్యం చదివిన డాక్టర్ డి.నాగేశ్వర్‌రెడ్డి. ఆయన స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి విదేశీ డాక్టర్లు సైతం ఎండోస్కోపీ నేర్చుకోవడానికి వస్తారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వచ్చాయి.

శుక్రవారం సినిమా విడుదలంటే గురువారం రాత్రి నిర్మాతకు కడుపు తిప్పేది ఎందుకు? పేగుల గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలున్నాయి, మెదడుతో సంబంధం తెంచినా తమంతట తాము పేగును నడపగలవు. ఒంట్లోని సెరటోనిన్‌లో తొంభై శాతం అక్కడే ఉంది. అది నేరుగా మెదడులోకి వెళ్లదు కాబట్టి ‘సంతోషం పేగుల్లో పుడుతుంది’ అని యూట్యూబులో చెప్పేది అతి. కబుర్లు నడిచేది వేగస్ నాడి మీద, అదీ ఎక్కువగా పేగు నుంచి పైకి.

ఇంత తెలిశాక ఆహార ప్రవక్తల వైపు చూడొచ్చు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె మానేసి, పచ్చివి తిని, నీళ్లు బాగా తాగమన్నారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం మానేసి కొవ్వు తినమన్నారు. ప్రొద్దుటూరు నుంచి మైసూరు వెళ్లి స్థిరపడి 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్‌వలీ కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు తినమన్నారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి సరిపడదు. అయినా ముగ్గురి వెంట నడిచినవాళ్లలోనూ మేలు జరిగిందనేవాళ్లున్నారు. పీచు పెరిగితే పెద్దపేగులో బాక్టీరియాకు తిండి దొరుకుతుంది, కొవ్వు తింటే కడుపు ఖాళీ కావడం ఆలస్యమై ఆకలి వాయిదా పడుతుంది, ఈ రెండూ నిజమే. కానీ ముగ్గురిలో ఎవరి మాట విన్నా ముందుగా పోయేది సాయంత్రం మిర్చిబజ్జీ, అర్ధరాత్రి బిర్యానీ, పొద్దస్తమానం చిరుతిండి. మేలులో పెద్దవాటా వాటికే రాయాలి. ఆదరాబాదరా బరువు తగ్గితే పైత్యరసం గడ్డకట్టి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉందని, షుగరు మందులు సొంతంగా ఆపకూడదని ఆ సభల్లో చప్పట్ల మధ్య వినబడదు.

పరిశ్రమకు సొంత మతమొకటుంది, అది సిక్స్‌ప్యాక్. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ చొక్కా విప్పాక అది మొదలైంది. 2012లో ‘పూలరంగడు’ కోసం సునీల్ చేశాక కమెడియన్లకూ తప్పలేదు. కండలు స్పష్టంగా కనబడాలని షాట్‌కు ముందు నీళ్లు, ఉప్పు తగ్గించే పద్ధతి వ్యాయామశాలల్లో ఉంది. రోజుకు ఎనిమిది లీటర్ల ద్రవాన్ని తిప్పుకునే పేగు దగ్గర అది అప్పు చేయడమే.

వేళ గురించి శాస్త్రం ఎంతవరకు చెప్పగలదు? 2012లో సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో సచ్చిన్ పాండా బృందం ఎలుకలకు కొవ్వుతిండిని ఎనిమిది గంటల లోపే పెడితే, అదే తిండి రోజంతా తిన్న ఎలుకల్లా లావెక్కలేదు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఉత్సాహం తగ్గింది. 2022లో చైనాలో 139 మంది మీద ఏడాదిపాటు చేసిన పరీక్షలో, కేలరీలు తగ్గించడానికి తోడు వేళ కట్టడి చేసినా బరువులో అదనపు లాభం కనబడలేదు. కాబట్టి వేళ పాటిస్తే సన్నబడతారని చెప్పడానికి ఆధారం చాలదు. అయితే బోస్టన్‌లో 2021లో వెలువడిన ఒక ప్రయోగం ఫిల్మ్‌నగర్ కోసమే చేసినట్టుంటుంది. 19 మంది ఆరోగ్యవంతుల్ని ప్రయోగశాలలో రాత్రి షిఫ్టు బతుకు బతికించారు. రాత్రి కూడా తిన్నవాళ్లకు రక్తంలో చక్కెర 6.4 శాతం పెరిగింది. రాత్రి మేలుకుని ఉన్నా పగలు మాత్రమే తిన్నవాళ్లకు పెరగలేదు. నిద్ర చెడినా తిండివేళ చెడకపోతే కొంతైనా నిలబడొచ్చన్నమాట. రాత్రి షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, 2019లోనూ ‘బహుశా క్యాన్సర్ కారకం’ జాబితాలో పెట్టింది. మనుషుల్లో ఆధారాలు పరిమితమేనని చెబుతూనే, అనుమానించిన అవయవాల్లో పెద్దపేగును చేర్చింది.

2025 ఆగస్టులో తెలుగు సినీకార్మికులు సమ్మె చేసినప్పుడు వేతనాల పెంపుతో పాటు కాల్షీట్ వేళలూ బేరానికి వచ్చాయి. అదే ఏడాది ఎనిమిది గంటల పని మీద హీరోయిన్లు, దర్శకులు మాటామాటా అనుకున్నారు. తిండివేళ కూడా ఆ కాగితంలో ఒక గీత కింద చేరితే నిర్మాతకు పెద్దగా ఖర్చు కాదు. రాత్రి కాల్షీట్‌కు వచ్చినవాళ్లకు పొద్దుగూకకముందే అసలు భోజనం, అర్ధరాత్రి దాటితే మజ్జిగ, పండు వంటి తేలిక తిండి, పేకప్ తర్వాత బిర్యానీ బదులు తెల్లారాక ఇడ్లీ. ప్రొడక్షన్ మేనేజర్ రోజూ వేసే ఫుడ్ లెక్కలో మారేది గిన్నెలు దించే టైము మాత్రమే.